సందులేని తలుపు

చిల్లకల్లులో వడ్రంగి థామస్ బిగించిన తలుపు సందులో పోస్టుకార్డు కూడా దూరదని చెప్పుకునేవారు. తన ఇంటి తలుపైతే ఆయన మరీ శ్రద్ధగా చేసుకున్నాడు. ప్రతి శుక్రవారం ఆ ముందుగదిలో ప్రార్థన కూడిక జరిగేది. పాటల మోత పక్కింటివాళ్లకు ఇబ్బంది కాకూడదని తలుపూ కిటికీలూ మూసేవాడు.

ఆ చలికాలమంతా భార్య దేవమణి దగ్గుతూనే పాడింది. పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. కూడికకు వచ్చే మరో ఇద్దరికీ సోకింది. ఆరు నెలల మందులతో ముగ్గురూ కోలుకున్నారు గాని, ఆ గదిలోకి రావడానికి ఎవరూ ధైర్యం చేయలేదు.

థామస్ తమ్ముడి కూతురు క్రిస్టీ నందిగామ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆమె వచ్చి గది కొలిచింది. దోమల కాయిల్ వెలిగించి, ఆర్పి, పొగ ఎంతసేపటికి పోతుందో చూసింది. కాగితం మీద లెక్క వేసింది.

"పెదనాన్నా, పదహారుమందిలో ఒకరికి టీబీ, వారానికి రెండు గంటలు, మూసిన గది. చలికాలం మొత్తానికి ఇద్దరు ముగ్గురికి సోకుతుందని వస్తోంది. ఎదురెదురుగా గాలాడితే ఒక్కరికి సోకడం కూడా అరుదే."

"అయితే తప్పు నా తలుపుదంటావేంటే?"

"దోమని కూడా రానివ్వదుగా నీ తలుపు! గాలెక్కడికి పోద్ది?"

దేవమణి లోపలి నుంచి అడిగింది. "నేను మళ్ళీ నలుగురితో కూర్చుని పాడేది ఉందా, లేదా?"

థామస్ టేకు తలుపు పై పలకలు రెండూ ఊడదీసి కమ్మీలు బిగించాడు. ఎదుటి గోడకు రెక్కలు లేని కిటికీ పెట్టాడు. మళ్ళీ పొగ పెట్టి చూశాడు. అది నిలవలేదు.

శుక్రవారం చాపలు పరిచింది దేవమణే.