దూది మాస్టారి లోచొక్కా

నాటకాల కంపెనీలో ఆయన్ని అందరూ దూది మాస్టారనేవారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. ఎముకల గూడులాంటి కుర్రనటుణ్ణి తెచ్చి ముందు నిలబెడితే చాలు, ఇంత దూది, కాస్త గోనెగుడ్డ, నాలుగు కుట్లు. తెర లేచేసరికి కండలు తిరిగిన మల్లుడు నిలబడేవాడు. పైన పటారం, లోన లొటారం. అంతటి పనివాడు ఎనభై దాటాక ఆ విద్యను తన ఒంటి మీదే చూపించాడంటే ఏమనాలి? చాదస్తమనాలి. భయమని కూడా అనాలి లెండి.

మోకాలు అరిగిపోయింది. కుట్టుమిషను తొక్కలేడు, మెట్లు దిగలేడు. ఆపరేషన్ చేయించుకుంటానని పట్టుబట్టాడు. డాక్టరమ్మ ఆయన్ని కుర్చీలోంచి లేపి చూసింది, నడిపించింది, తూకం చూసింది.

"ఒంట్లో సత్తువ లేదు మాస్టారూ. ఇప్పుడు కోస్తే మోకాలు బాగుపడొచ్చు గానీ మీరు మంచం దిగరు. బాగా తిని, చెప్పిన వ్యాయామం చేసి కండ పట్టించండి. అప్పుడు చూద్దాం" అంది.

ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ 'అప్పుడు' అనేది తనకొకటుందని ఆయనకు నమ్మకం లేదు. ముద్ద గొంతు దిగదు, కండ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంటికొచ్చి అటక మీది దూది సంచి దింపించాడు. భార్యే సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. వద్దని చెప్పొచ్చుగా అంటారేమో. చేతికి పని దొరకగానే ఆయన మొహం వెలిగింది, ఆ వెలుగు చూసి ఆమెకు ఎన్నాళ్లో అయింది. ఒక లోచొక్కా తీసుకుని భుజాలకు, రొమ్ముకు దూది కుట్టాడు. అంచుల్లో తూకం కోసం, నాటకం తెరలు ఎగరకుండా కుట్టే సీసపు బిళ్లలు. పైన చలికోటు.

రెండోసారి వెళ్లిన రోజు ఆస్పత్రి కిటకిటలాడుతోంది. నర్సు కోటుతోనే తూకం చూసింది. నడవమంటే ఆయన పళ్ల బిగువున నడిచాడు. డాక్టరమ్మ సంతోషించి ఆపరేషన్‌కి ఒప్పుకుంది. గుండె కోసం ఆయన వేసుకునే రక్తం పల్చబడే మాత్రను, పెరిగిన బరువుకు తగ్గట్టు పెంచింది.

ఇక ఆ లోచొక్కా ఇంట్లో మూడో మనిషయింది. దూది నలగకుండా దాన్ని కుర్చీకి తొడిగి ఉంచేవాడు. ఒక సాయంత్రం కూతురు వచ్చి, గుమ్మంలోంచే కుర్చీ వైపు చూసి, "నాన్నా, అమ్మేది?" అంది.

"వంటింట్లో ఉంది" అని జవాబు మంచం మీది దుప్పట్లోంచి వచ్చింది. ఆ దుప్పటి కింద మనిషి ఉన్నాడని కూతురికి తోచనే లేదు. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మర్నాడు ఆయన భార్య కాఫీ గ్లాసు తెచ్చి కుర్చీ ముందు పెట్టింది. పెట్టాక గానీ తెలిసిరాలేదు. మతి పోతోందా నాకు అనుకుని, చొక్కా మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది. ఎండ తగిలి ఉంటుందని సరిపెట్టుకుంది. ఆ మూలకు ఎండ రాదు. పోనీ ఆయన అప్పుడే విప్పాడా అంటే, ఆ ఉదయం ఆయన మంచమే దిగలేదు.

స్నానం చేయిస్తుంటే జబ్బల మీద, పక్కటెముకల మీద నల్లటి మచ్చలు కనిపించాయి. ఐదు వేళ్లతో గట్టిగా పట్టుకున్నట్టున్నాయి.

"ఎవరు పట్టుకున్నారండీ మిమ్మల్ని?"

"ఎవరు పట్టుకుంటారే? నువ్వేగా లేపింది."

ఆమె ఆయన్ని పసిపిల్లాణ్ణి ఎత్తినంత మెల్లగా లేపుతుంది. ఆ మచ్చలన్నీ లోచొక్కా కుట్లు ఆనే చోటే ఉన్నాయి. ఆ పైన తలగడ మీద నెత్తురు. చిగుళ్లదన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరూ నోరెత్తలేదు. కుర్చీలో వాడు నిండుతున్నాడు, మంచం మీద ఈయన తరుగుతున్నాడు. వాడు ఈయన్ని తినేస్తున్నాడని ఆమెకు ఖాయమైపోయింది. ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లాలంటే ఒళ్లు జలదరించేది.

ఆ రోజు రక్తం పల్చబడే మాత్ర అరచేతిలో వేసుకుని మంచం వైపు నడుస్తూ ఆగిపోయింది. డాక్టరమ్మ ఈ మాత్ర ఎవరికి రాసింది? కుర్చీలో వాడికి. ఆ బరువు వాడిది. వాడి మందు రోజూ ఈయన నోట్లో వేస్తున్నది తనే.

"చెప్పేస్తాను" అంది.

"చెప్తే ఆపరేషన్ పోయినట్టే. మళ్లీ నేను నడవను."

"నడవకపోతే మానె. మనిషి ఉండాలిగా" అని, ఏడుస్తూనే చొక్కాను కుర్చీ మీంచి లాగి సంచిలో కుక్కింది.

కూతురి సాయంతో ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లి, చొక్కాను డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. సీసం బల్లకు తగిలి టంగుమంది. డాక్టరమ్మ దాన్ని ఎత్తి బరువు చూసింది. తిట్టలేదు. మాత్ర ఆపించి, నెత్తురు పరీక్షకు పంపించి, పల్చని చొక్కాలో ఉన్న ఆయన పక్కకు కుర్చీ జరుపుకుంది. తన రెండు వేళ్లు ఆయన చేతిలో పెట్టింది.

"ఈసారి మీ అసలు బలం చూస్తాను మాస్టారూ. నా వేళ్లు గట్టిగా పిండండి."

డాక్టరమ్మ ఎదురుచూసింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"కానివ్వండి, భయం లేదు. పిండండి" అంది మళ్లీ.

ఆయన తలెత్తి భార్య వైపు చూశాడు.

"ఇందాకట్నుంచీ పిండుతూనే ఉన్నానమ్మా" అన్నాడు.