వాటా బటన్ లేని ఆట

పాడేరు బస్టాండు వెనక సందులో గంగాభవాని కంప్యూటర్ కొట్టు పెట్టిన కొత్తలో ఆమెని చూసి నవ్వనివాడు పాపాత్ముడు. కొండమీద ఊరి పెద్ద సోంబరు కూతురు, హాయిగా కాఫీ పళ్ళు కోసుకోక ఈ డబ్బాలేమిటని ఒకరు. కరెంటే సరిగా ఉండని చోట కంప్యూటరేమిటని ఇంకొకరు. భవాని తన పని తాను చేసుకుపోయింది. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి అయ్యాక కంప్యూటర్ శిక్షణకి వెళ్తే, మౌస్ పట్టుకోవడం కూడా రాదని తోటివాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వు దిగమింగి అందరికంటే ముందు నేర్చుకుని బయటపడ్డ మనిషి ఆమె. సందులో వాళ్ళ నవ్వు ఆమెకొక లెక్కా!

పొద్దున పూట దరఖాస్తులు టైపు చేసేది, హాల్‌టికెట్లు తీసేది. సాయంత్రం బడి వదిలాక ఆటల కోసం పిల్లలు ఎగబడేవారు. రెండు వేల ఏడు ప్రాంతంలో, కంప్యూటర్లు బాగుచెయ్యడానికి విశాఖపట్నం నుంచి వచ్చే రవిబాబు ఒక కొత్త ఆట సీడీ తెచ్చాడు. లోకమంతా తగలబడి బూడిదైపోయింది. మిగిలినవాడొక్కడు భుజాన విల్లు, చేత గొడ్డలి పట్టుకుని, పాడుబడ్డ పట్నాలూ అడవులూ దాటి సముద్రం చేరాలి. పాడు ఇళ్ళ తాళాలు గొడ్డలితో పగలగొట్టి డబ్బాల్లో దాచిన తిండి వెతుక్కోవాలి. దారి పొడుగునా పిచ్చెత్తిన మృగాలు, మనిషి కనబడితే మీదపడే మనుషులు. పిల్లలు దానికి బూడిదాట అని పేరెట్టేశారు.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆట గొప్పదే. అందులో వాన మొదలైతే కొట్టులో పిల్లలు తలమీద చేతులు పెట్టుకునేవారు. ఎండుటాకు మీద అడుగు పడితే చాలు, మృగం తల తిప్పేది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని అడుగెయ్యాలి. అడవిలో తిరిగినవాళ్ళెవరో చేశార్రా దీన్ని అని భవాని మురిసిపోయేది.

లోపాలు మాత్రం తక్కువా? గోడ పక్కకి వెళితే బొమ్మ గిర్రున తిరిగిపోయి ఎటు పోతున్నామో తెలిసేది కాదు. ఆడినంతవరకూ దాచుకుందామంటే ఎక్కడపడితే అక్కడ కుదరదు. కరెంటు పోతే మళ్ళీ మొదటికే. పాడేరు కరెంటు సంగతి వేరే చెప్పాలా! ఇక ఆ వీరుడు చుట్టూ అంత అడవి పెట్టుకుని, డబ్బా తిండి దొరకలేదని కాళ్ళీడుస్తుంటే పిల్లలకి నవ్వాగేది కాదు.

"ఈడికి దుంప తవ్వడం తెల్దేటి! ఈడమ్మ నేర్పనేదేటి!" అని గోల చేసేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, మంచుకొండ ఒక ఎత్తు. కొండ కింద వీరుడు జింకని కొడతాడు. ఆ మాంసమంతా వాడొక్కడే దాచుకుని తింటేనే కొండ దాటే ఓపిక ఉంటుంది. దారిలో ఒక గుడిసె, లోపల జబ్బుపడ్డ ముసలమ్మ మూలుగు. దాని ముందు నుంచి గబగబా వెళ్ళిపోవాలి. అక్కడే మన పిల్లలు ఆగిపోయేవారు. ఆగి, సగం మాంసం గుమ్మంలో పెట్టేవారు. ఆ ఆటలో ఇవ్వడానికి బటన్ లేదు, పారెయ్యడానికే ఉంది. పారేశావని లెక్కేసుకుని ఆట వీరుణ్ణి మంచులో చంపేసేది. ప్రతిసారీ ఇదే తంతు. మిగతా ఊళ్ళలో పిల్లలు సముద్రం చూసేశారు, పాడేరు పిల్లలు కొండ కిందే ఉన్నారని రవిబాబు ఎగతాళి చేసేవాడు.

"ముసిల్దాన్ని ఒగ్గీండర్రా, అంతా మీరే తినండి" అని భవాని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టించుకుంది. సరే అనేవారు. గుడిసె దగ్గరికి వచ్చేసరికి వేలు దానంతటదే ఆ బటన్ మీదికి పోయేది. ఎందుకు పోదు? ఆ కొండల్లో వేట పడితే బాణం వేసినవాడిదే కాదు మాంసం. ఆ దారిన పోతూ చూసినవాడికీ వాటా ఉంటుంది. మంచం పట్టినవాళ్ళకైతే అడ్డాకులో చుట్టి గుమ్మంలో పెట్టి, పిలవకుండా వచ్చేస్తారు. పాలు తాగే వయసు నుంచి ఇది చూసిన పిల్లలకి మరోలా చెయ్యడం ఎలా చేతనవుతుంది!

ఇంతలో పైడయ్య రూపంలో వచ్చింది ముప్పు. అతనిది సోంబరు ఊరే. అతని కూతురు నిర్మల రోజూ భవాని కొట్టుకి వస్తుంది. ఒకనాడు ఇంట్లో పెట్టె తాళంచెవి కనబడక తల్లి వెతుక్కుంటుంటే, ఆ పిల్ల "గొడ్డలితో ఒక్కటిత్తే ఊడొచ్చీదా!" అంది. పైడయ్య గుండె జారిపోయింది. తాళం వెయ్యడమే తక్కువైన ఊళ్ళో తన కూతురు తాళాలు పగలగొట్టే మాటలు నేర్చింది! నేరుగా సోంబరు ఇంటికెళ్ళి, నీ కూతురు పిల్లలకి దొంగతనం నేర్పుతోంది, ఆ కొట్టు మూయించమన్నాడు.

సోంబరు కన్నకూతురని వెనకేసుకొచ్చే మనిషి కాదు. సంతరోజున వచ్చి చూస్తాం, తప్పని తేలితే తాళం పడుతుంది అని కబురంపాడు. భవానికి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఊరి మాట కాదని కొట్టు నడపడం కుదరదు. కొట్టు పోతే తను మళ్ళీ ఒకరు చెప్పిన పని చేసుకునే గుంటపిల్లే. నవ్విన నోళ్ళన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి.

సంతరోజు సోంబరు, పైడయ్య, ఊళ్ళో అందరికంటే పెద్దదైన యర్రమ్మ దిగొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఒక కంప్యూటర్ విప్పుకుని రవిబాబు మూల కూర్చుని ఉన్నాడు. నిర్మలనే ఆడమన్నాడు సోంబరు. గెలిచి చూపిస్తే పెద్దలు మెచ్చుకుంటారని భవాని ఆశ. పిల్ల చెవిలో, "ఈ పాలికి ముసిల్దాని జోలికి ఎల్లకే, నీకు దణ్ణమెడతాను" అంది. నిర్మల తలూపింది.

మొదట్లోనే వీరుడు గొడ్డలెత్తి పాడుబడ్డ ఇంటి తలుపు తాళం ఫెడీమని కొట్టాడు.

"అదిగో! సెప్పనేదా నాను!" అని పైడయ్య బెంచీ మీంచి లేచాడు.

భవానికి పైప్రాణాలు పైనే పోయాయి. సోంబరు మాత్రం కళ్ళు తిప్పలేదు. జింక కనబడింది. నిర్మల గాలి చూసుకుని, ఆకుల్లేని చోట అడుగులేసి, ఒక్క బాణంతో పడగొట్టింది. "బాగుందే గుంటా!" అని యర్రమ్మ ఊగిపోయింది. మంచుకొండ వచ్చింది, గుడిసె వచ్చింది. మూలుగు వినబడగానే వీరుడు ఆగాడు. వద్దే, వద్దే అని భవాని లోలోపలే మొక్కుకుంటోంది. మాంసం గుమ్మంలో పడింది. కొంచెంసేపట్లో వీరుడు మంచులో బోర్లా పడి చచ్చిపోయాడు. మూలనుంచి రవిబాబు కిసుక్కున నవ్వాడు.

"ఏటయింది? ఎందుకు సచ్చిపోనాడు?" అన్నాడు సోంబరు.

ఇంక దాచి ఏం లాభం! "తిండి సాలక, అయ్యా. ముసిల్దానికి వాటా ఎట్టీసింది. ఈ ఆటలో వాటా ఎడితే సావే" అంది భవాని.

"తెలిసే ఎట్టిందా?"

"తెలిసే. ఒద్దని నానే సెప్పేను. ఈ ఒక్క గుంటే కాదు, ఈ కొట్టుకొచ్చే ఏ పిల్లా ఇంతవరకూ ఆ కొండ దాటనేదు. అందరూ ఇక్కడే ఎట్టీసి సచ్చిపోతారు."

చెబుతుంటే ఓటమి లెక్క చెప్పినట్టు సిగ్గేసింది భవానికి. పైడయ్య కూతురి వైపు తిరిగాడు.

"సచ్చిపోతావని తెలిసీ ఎట్టీసేవేటే?"

"మరి మూలుగుతంది గదా, అయ్యా!" అంది నిర్మల, ఇదేం ప్రశ్న అన్నట్టు.

పైడయ్య పిల్లని దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. యర్రమ్మ తొడమీద చరుచుకుని, "ఒక్కలూ దాటనేదా! ఒక్క గుంటడూ దాటనేదా!" అని పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వింది. ఆ నవ్వు చూశాకగాని, తాను చెప్పింది ఓటమి లెక్క కాదని భవానికి తెలియలేదు. ఇన్నాళ్ళూ ఏ సంగతికి తలదించుకుందో దానికే ఇప్పుడు ఛాతీ పొంగింది.

"కొట్టుంతాది. తాళాలు కొట్టడం ఆట వరకేనని పిల్లలకి నువ్వే సెప్పాల. మిగతాది ఆళ్ళకి ఎవులూ సెప్పక్కర్నేదు" అన్నాడు సోంబరు.

పెద్దలు లేచారు. సోంబరు గుమ్మం దాకా వెళ్ళి ఆగి, తెరమీద మంచులో పడి ఉన్న ఆ మనిషిని చాలాసేపు చూశాడు.

"ఒలే భవానీ, ఈ ఆట కట్టినోళ్ళు ఎక్కడోళ్ళు?"

"తెల్దయ్యా. సముద్రం అవతలోళ్ళు."

"పాపం" అన్నాడు సోంబరు, నిజంగానే జాలిపడి. "ఆళ్ళ గుమ్మంలో ఎవులూ ఎప్పుడూ ఏటీ ఎట్టనేదు కామోసు."