నీడలో కలిపేసిన ఇల్లు

బంగారుపాళ్యం బస్టాండు ఎదుట రామచంద్ర ఫొటో స్టూడియోలో కోమలి తొమ్మిదేళ్లు పనిచేసింది. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లను పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది ఆయనే. "నీడను మరీ లేపితే బొమ్మ బూడిద పూసినట్టు ఉంటాది పాపా. వెలుగును కొంచెం దించి సూడు" అంటూ ఓపిగ్గా నేర్పాడు. మిట్టమధ్యాహ్నం తీసిన పెళ్లి ఫొటోల్లో ఎండకు తెల్లగా వెలిసిపోయినట్టు పడిన జరీ అంచును కూడా వెనక్కి తెచ్చే నేర్పు ఆమెకు అబ్బింది. ఆయన్ని అన్నా అని పిలిచేది. ఆయన చెప్పిన పని ఎందుకని ఏనాడూ అడగలేదు.

మొన్న వేసవిలో ఆయన ఒక మామిడితోట ఫొటో ఇచ్చాడు.

"గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు క్యాలెండర్ వేస్తారంట. చెట్ల కింద ఆ రేకుల ఇల్లు బాగలేదు. నీడను ఇంకా నల్లగా సెయ్, దాంట్లో కలిసిపోవాల."

కోమలి అలాగే చేసింది. రేకుల మీది ఎండ మెరుపును కూడా దించేసింది. పని నున్నగా వచ్చిందని మురిసిపోయింది.

నెల తిరక్కుండానే తిరుమలమ్మ అనే కూలిమనిషి, వెనక స్టూడియో ముద్ర ఉన్న అదే ఫొటో పట్టుకొని స్టూడియో మెట్లెక్కింది.

"ఆడ ఇల్లే లేదు, ఆ జాగా మాకియ్యండని ఫ్యాక్టరీ వాళ్లు తహసీల్దారు ఆఫీసులో దీన్ని పెట్టినారు పాపా. ఇరవై ఏండ్లుగా ఆడనే ఉండాను. నా ఇల్లు దీంట్లో యాడుండాదో సూసి చెప్పు."

కోమలి లోపలికి వెళ్లి రామచంద్ర ముందు నిలబడింది.

"క్యాలెండర్‌కని చెప్పినావు గదన్నా."

ఆయన తల ఎత్తలేదు. "అదంతా నీకెందుకు పాపా. అసలు ఫొటో కంప్యూటర్లోంచి తుడిచేసి, ఆమెను పంపించెయ్."

ఆ గొంతులో కోపం కూడా లేదు. అదే ఆమెను కోసేసింది. తను ఏదీ అడగదని తెలిసే ఈ పని తనకిచ్చాడు.

అసలు ఫొటోను ఆమె తుడిచేయలేదు. దాని ప్రింటు తీసుకొని తిరుమలమ్మ వెంట తహసీల్దారు ఆఫీసుకు వెళ్లింది. "ఇల్లు కనపడకుండా నల్లగా చేసింది నేనే సార్. అసలుది ఇది" అని రెండూ బల్ల మీద పెట్టింది. పది రోజులకు సర్వేయరు తోటకు వచ్చి, ఇంటిని కొలిచి రాసుకుపోయాడు. తిరుమలమ్మ ఇల్లు నిలిచింది.

కోమలి పని పోయింది. విద్య నేర్పినవాడికే ద్రోహం చేసిందని రామచంద్ర బజారంతా చెప్పాడు. ఇప్పుడామె చిత్తూరులో ఒక జిరాక్సు షాపులో పాస్‌పోర్టు ఫొటోలు సరిచేస్తోంది. పోయిన వారం బస్సులో ఆయన ఎదురుపడి, ఏమీ జరగనట్టే "బాగుండావా పాపా" అన్నాడు. కోమలి దిగాల్సిన చోటుకు రెండు స్టాపుల ముందే దిగి, ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.