మేరీకుమారి అక్క, పదకొండుమంది కోచ్‌లు

ఒకరు చెప్పాల్సిన మాట ఇంకొకరు చెబితే మేరీకుమారి అక్క ఊరుకోదు. ఆవిడకున్న పిచ్చి అదొక్కటే. మేముండే ఒమన్ దేశంలోని నిజ్వాలో ఓ క్లినిక్‌లో స్టాఫ్ నర్సు, మాలాగే పాలకొల్లు వైపు మనిషి. భార్య కడుపునొప్పి గురించి భర్త మొదలుపెడితే, "నొప్పి నీకా, ఆవిడకా?" అంటుంది.

"ఆవిడకే సిస్టర్, కానీ..."

"అయితే నువ్వు బయట కూర్చో."

ఓసారి నాకు జ్వరమొస్తే మా ఆవిణ్ణి కూడా అలాగే బయటికి పంపేసింది. పెళ్ళయ్యాక నా జబ్బు నేను చెప్పుకున్నది అప్పుడే. సగం లక్షణాలు గుర్తురాక, బయటికెళ్ళి మా ఆవిణ్ణి అడిగొచ్చాను.

మా అమ్మాయి సెలిన్ లాంగ్‌జంప్‌లో స్కూలుకి కప్పులు తెచ్చింది గానీ, కొత్తవాళ్ళ ముందు దానికి నోరు పెగలదు. ఇండియాలో స్పోర్ట్స్ కోటా సీటు కావాలంటే ముందుగా కాలేజీ కోచ్‌లకు రాయాలన్నారు. ఉత్తరం రాయడంలో నా అంతవాడు లేడని నా నమ్మకం. సెలిన్ పేరుతో మూడు పేజీల మెయిల్ రాసి పదకొండుమంది కోచ్‌లకు పంపాను. అందులో తను పుట్టినప్పటి బరువు, నా క్రమశిక్షణ, పదో తరగతిలో నేనాడిన కబడ్డీ, అన్నీ ఉన్నాయి. పదకొండింటిలోనూ ఒకే కాలేజీ పేరు ఉండిపోయిందని తర్వాత తెలిసింది.

జవాబు ఒక్కటే వచ్చింది, బెంగళూరు నుంచి. అరీబా అనే కోచ్ మేడమ్ రాసింది: "మీ నాన్నగారి గురించి వివరంగా తెలిసింది. సంతోషం. మీరెంత దూరం దూకుతారో రాయలేదు."

ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక అది అక్కకు చూపించాను, మెచ్చుకుంటుందని.

"దూకేదెవరు తమ్ముడూ?"

"సెలిన్."

"మరి రాసిందెవరు?"

"చిన్నపిల్ల కదక్కా, దానికేం తెలుసు?"

"అయిదు మీటర్లు ఎగిరే పిల్లకి అయిదు లైన్లు రాయడం రాదా?"

సెలిన్ అయిదు లైన్లే రాసి, తన జంప్ వీడియో పెట్టి పంపింది. మేడమ్ ఆ రోజే జవాబిచ్చింది. ఆరు వారాల తర్వాత ఓ గురువారం సాయంత్రం అయిదింటికి వీడియో కాల్.

నేను నలభై జవాబులు అట్టముక్కల మీద రాసి, కెమెరాకి కనిపించకుండా కింద కూర్చుని అందిద్దామనుకున్నాను. ఆ రోజు నాలుగున్నరకే అక్క డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. సరిగ్గా అయిదవుతుండగా "నీ మొహం అదోలా ఉంది" అని నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, నోట్లో గాజు థర్మామీటరు పెట్టింది. తీయబోతే, "రీడింగ్ తప్పొస్తుంది" అంది. ఇరవై అయిదు నిమిషాలు రీడింగ్ తీసింది.

లోపలి గదిలో మాటలు వినిపిస్తున్నాయి. నీ లోపమేంటని కోచ్ అడిగింది. లోపాల్లేవని నా అట్టముక్క మీద ఉంది.

"దూకే బోర్డు దగ్గర అడుగు తప్పుతుంది మేడమ్. మూడింట్లో ఒకటి ఫౌల్" అంది సెలిన్. థర్మామీటరు కొరికేసేవాణ్ణే.

తర్వాత సెలినే ఎదురు అడిగింది: "నాకు దెబ్బ తగిలి ఆడలేకపోతే సీటు ఉంటుందా మేడమ్?"

నేను లేచాను. అక్క భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఉంటుంది" అంది కోచ్. "ఈ మాట ఇన్నాళ్ళూ తండ్రులే అడిగారు. ఆడే పిల్ల అడగడం ఇదే మొదలు."

జూన్‌లో సెలిన్ వాళ్ళమ్మతో ట్రయల్స్‌కి వెళ్ళి, సీటు తెచ్చుకుంది.

"అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందే?" అని అడిగాను.

"మేరీకుమారి అత్త నేర్పింది నాన్నా. డ్యూటీ దిగాక రోజూ ఫోన్ చేసి కోచ్‌లా మాట్లాడేది. ఒకరోజు కోపిష్టి కోచ్, ఒకరోజు చెవిటి కోచ్, ఒకరోజు మధ్యలో పెట్టేసే కోచ్. మొదటివారం నేను హలో తప్ప ఏమీ అనలేదు. అయినా రోజూ చేసింది."

పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఆరు వారాలు. అక్కకు ఫోన్ చేసి కృతజ్ఞత చెప్పబోతే, "సర్లే, పనుంది" అంది. పెట్టేసేలోపు నా పని చెప్పుకున్నాను. పిల్లను కాలేజీలో చేర్చడానికి సెలవు కావాలి, మా యజమాని అర్బాబ్ ముందు నాకు నోరు పెగలదు, ఆయన అక్క దగ్గర ఇంజెక్షన్లు వేయించుకునే మనిషే, కాబట్టి ఆవిడే ఓ మాట చెప్పాలి. అక్క ఫోన్ పెట్టేసింది.

పది నిమిషాలకు మళ్ళీ ఫోన్ మోగింది. "నేను అర్బాబ్‌ని. సెలవు ఎన్నాళ్ళు? ఎందుకు?" అంటూ ముక్కుతో ఓ బొంగురు గొంతు. అది మేరీకుమారి అక్కేనని తెలుసు. అయినా లేచి నిలబడి, నాలుగు రోజులు కావాలన్నాను.

మూడే ఇచ్చింది.