మా హిందీ సార్ చెప్పిన ఒక అబద్ధం

మా హిందీ సార్ ఇక లేరు. మొన్న బుధవారం పొద్దున అంగన్‌వాడీలో పిల్లల్ని తూకం వేస్తుంటే, మా చర్చి స్త్రీల సమాజంలోని అక్క ఫోన్ చేసి, "సార్ పోయిండ్రు, జల్దీ రా" అంది. చేతిలో ఉన్న పాపను తల్లికి అందించి, బరువు రాయడం కూడా మరిచిపోయి బయల్దేరాను. ఏడాదిగా ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్నారు. వారం కింద సంగారెడ్డి ఆస్పత్రికి ఆటోలో కూర్చునే వెళ్లారు. ఇంటికి అంబులెన్సులో తెచ్చారు.

జిన్నారం చుట్టుపక్కల ఆయన దగ్గర హిందీ చదువుకోనివాళ్లు తక్కువ. హిందీ వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. ఆరు నుంచి పది దాకా ఆయన పాఠాలు విన్న నేను కూడా 'కా' ఎక్కడో 'కీ' ఎక్కడో తేల్చుకోకుండానే బడి దాటాను. "కుర్చీ ఆడదెట్లయింది సార్?" అని అడిగి మేం నవ్వితే ఆయన కూడా నవ్వేవారు. "నవ్వుండ్రి గని రాసుకోండ్రి" అనేవారు. ఎవరినీ కొట్టగా చూడలేదు.

కానీ నాకు ఎక్కువ గుర్తున్నది బడిలో సార్ కాదు. రిటైరయ్యాక, మా చర్చి హాల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న సార్.

కొన్నేళ్ల కింద మా దగ్గర్లోని ఒక మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలింది. పొద్దున షిఫ్టు ఎక్కిన కాసేపటికే. మా అంగన్‌వాడీ కిటికీ అద్దం పగిలి పిల్లలు తింటున్న పళ్లాల్లో పడింది. పొగ సాయంత్రం దాకా పోలేదు. లోపల పనిచేసేవాళ్లలో ఎక్కువమంది బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లే. రెండు రోజులకు వాళ్ల ఇళ్ల నుంచి తండ్రులు, అన్నలు, భార్యలు రైళ్లు మారి మారి రావడం మొదలైంది. దిగిన చోట ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు.

చర్చి హాలు తెరిచాం. గుడి కమిటీవాళ్లు బియ్యం పంపారు. ఆస్పత్రులకు తిప్పడానికి మసీదువాళ్లు వ్యాను పెట్టారు. పట్నం నుంచి సేవాసంస్థలు కూడా వచ్చాయి. దుప్పట్లు ఎంత పోగయ్యాయంటే, ఆ ఉక్కపోతలో జనం వాటిని కప్పుకోలేక పరుచుకుని కూర్చున్నారు. మేం పొద్దున్నే లేచి పులిహోర కలిపాం. వాళ్లు తినకుండా పక్కన పెట్టారు. మాకు కోపం కూడా వచ్చింది.

సార్ వచ్చి ఒక్కొక్కరి ముందు కూర్చున్నారు. పోయినవాళ్ల పేరు కాకుండా ముందు ఊరి పేరు అడిగారు. ఆ ఊళ్లో ఈసారి వాన పడిందా, స్టేషను ఎంత దూరం అని అడిగారు. "ఊరడిగితె మనిషి జెర కూసుంటడు బిడ్డా. తర్వాత అసలు సంగతి చెప్తడు" అన్నారు నాతో. గంట తర్వాత లేచి వచ్చి, "చింతపండు వాళ్లకు పడుతలేదు, ఆలుగడ్డ కూర ఆవనూనెల చెయ్యుండ్రి. బాత్రూం తలుపుకు గడియ లేదంట. ఆడోళ్లు రెండు దినాల సంది తానం చెయ్యలే" అన్నారు. అంతమందిమి అక్కడే తిరుగుతున్నాం, మాకెవరికీ ఆ తలుపు కనపడలేదు. సార్ తానే దుకాణానికి పోయి గడియ తెచ్చి బిగించారు. అది వంకరగానే పడింది, ఇప్పటికీ అలాగే ఉంది.

మధ్యాహ్నం వేరే ఊరి సంఘం నుంచి కొందరు కరపత్రాలు పట్టుకుని వచ్చి, బాధితుల కోసం ప్రార్థన కూటం పెడతామన్నారు. చర్చి పెద్దల్లో సార్ ఒకరు. "పెట్టుండ్రి. ముందుగాల బయట డ్రమ్ములు ఖాళీగున్నయి, నీళ్లు నింపి వచ్చి పెట్టుండ్రి" అన్నారు. వాళ్లు నీళ్లు నింపారు. కూటం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇవన్నీ మంచి సంగతులు. ఆయనే మంచిది కాదని చెప్పుకున్న సంగతి ఇంకొకటి ఉంది.

గయ దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కొడుకు పేలిన బ్లాకులోనే పని చేసేవాడు. ఆ సాయంత్రం ఒక అధికారి హాలుకు వచ్చి సార్‌తో తెలుగులో, "ఆ బ్లాకుల ఎవ్వరు మిగల్లే సార్. డీఎన్ఏ పరీక్షకు రక్తం ఇచ్చి పొమ్మనుండ్రి. కలిస్తె మేమే పిలుస్తం" అన్నాడు. పెద్దాయన చేతులు జోడించి, "మేరా లడ్కా?" అని అడిగాడు. చాయ్ కెటిల్‌తో నేను పక్కనే ఉన్నాను. సార్ హిందీలో, ఇంకా వెతుకుతున్నారు, గుర్తు తెలియనివాళ్లు కొందరు ఆస్పత్రుల్లో ఉన్నారు అని చెప్పారు. అంత హిందీ నాకూ తెలుసు. ముసలాయన వంగి సార్ కాళ్లు ముట్టుకున్నాడు.

మూడు రోజులు ఆయన మసీదు వ్యానులో ఆస్పత్రి తర్వాత ఆస్పత్రి తిరిగాడు. మూడో రోజు నేనూ వెంట వెళ్లాను. కాలినవాళ్ల వార్డులో ఒక్కొక్క మంచం దగ్గర ఆగి, కట్లు కట్టిన ముఖం మీదికి వంగి, కొడుకు ముద్దుపేరు మెల్లగా పిలిచేవాడు. ఒక మంచం మీది పిల్లవాడు స్పృహ ఉండీ లేనట్టుగా "హాఁ బాబూ" అన్నాడు, అవును నాన్నా అని. ముసలాయన అక్కడే కూలబడి, కట్లు లేని రెండు వేళ్లు పట్టుకుని గంటసేపు కూర్చున్నాడు. అప్పుడు ఆ పిల్లవాడి సొంత తల్లి వచ్చింది. ఆయన లేచి ఆమెకు చోటిచ్చాడు.

వచ్చి సార్‌కు చెప్పాను. ఆయన అప్పటికప్పుడు హాలుకు వెళ్లి, అందరి ముందూ ముసలాయనకెదురుగా కూర్చుని, తాను అబద్ధం చెప్పానని, అధికారి ఆ రోజే ఎవరూ మిగల్లేదన్నాడని హిందీలో చెప్పేశారు. ముసలాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. రెండు రోజులు సార్ ముఖం చూడలేదు. సార్ రెండు రోజులూ వచ్చారు. దూరంగా కూర్చుని, చీకటి పడకముందే వెళ్లిపోయారు. దారిలో నాతో, "నాకు చెప్ప చాతగాలే. నా చాతగానితనానికి ఆయన మూడు దినాలు కాలిన మొఖాలు సూసిండు" అన్నారు. మూడోనాడు ముసలాయన ఆఫీసువాళ్లు తనకిచ్చిన తెలుగు కాగితం సార్ ముందుకు జరిపి, "పఢియే. పూరా పఢియే" అన్నాడు. సార్ మొత్తం చదివారు.

ఆ తర్వాత ఎవరేం చెప్పినా సార్ ఒక్క మాట తగ్గించకుండా అవతలివాళ్లకు చేర్చేవారు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "జెర మెత్తగ చెప్పొచ్చు గద సార్" అన్నాను.

"మెత్తగనే చెప్త బిడ్డా. తక్కువ చెప్ప" అన్నారు.

వారాలు గడిచాయి. సంస్థల బ్యానర్లు పోయాయి, టీవీవాళ్లు పోయారు. హాల్లో ఇద్దరే మిగిలారు, ఈ ముసలాయన, ఒడిశా నుంచి వచ్చిన ఒక ఆమె. చివరికి ముసలాయనకు పిలుపు వచ్చింది. తెల్లగుడ్డలో చిన్న మూట ఇచ్చారు. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, ఇందులో ఎంత ఉన్నాడని సార్‌ను అడిగాడు. సార్ లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, "చేతి ఎముక. ఇంకొంచెం. అంతే" అని హిందీలో చెప్పారు. ముసలాయన తలూపాడు. కట్టెలు గుడి కమిటీవాళ్లు తెచ్చారు. మసీదు వ్యాను శ్మశానం దాకా వచ్చింది. సార్ మంట ఆరేదాకా ఆయన పక్కనే నిలబడ్డారు.

రైలెక్కే ముందు ముసలాయన సార్‌తో అన్న మాట ఒకటుంది. "ఝూఠ్ బోలే. ఫిర్ భీ రోజ్ ఆయే." అబద్ధం చెప్పారు, అయినా రోజూ వచ్చారు అని. "అది మాఫీనో కాదో నాకు ఇప్పటికీ తెల్వది" అని సార్ ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అనేవారు.

ఒడిశా ఆమెకు ఏదీ కలవలేదు. భర్త తాలూకు గుప్పెడు బూడిద కూడా లేకుండా, ఒక కాగితంతో వెళ్లిపోయింది. ఇక పిలుపు రాదని ఆమెకు చెప్పింది సారే. ఆమె ఏడుస్తుంటే, స్త్రీల సమాజం వాళ్లం ఏడుగురం చుట్టూ కూర్చున్నాం. మాకు ఒక్కరికీ ఆమె భాష రాదు. ఆమె ఏం చెప్పుకుని ఏడ్చిందో ఈరోజుకీ తెలియదు.

తర్వాతి నెల నుంచి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ హాల్లోనే సార్ కార్మికులకు తెలుగు చెప్పడం మొదలుపెట్టారు. అఆలతో మొదలుపెట్టలేదు. 'గ్యాస్ లీకైంది', 'బయటికి ఉరకండి', 'తలుపు ఎటు'. వీటితో మొదలుపెట్టారు. వచ్చిన ప్రతివాడితో ఊరు, ఇంటి ఫోను నంబరు రాయించి చర్చి బీరువాలో పెట్టేవారు. "ఇదెందుకు?" అని ఒకడు అడిగితే ఎందుకో చెప్పారు, తక్కువ చెప్పలేదు. ఆయాసం వచ్చి మాట ఆగిపోతున్నా, పోయిన నెల దాకా ఆ పాఠం మానలేదు. ఇప్పుడు ఎవరు చెబుతారో మేమింకా అనుకోలేదు.

గురువారం మధ్యాహ్నం ఆయన్ను మట్టికి అప్పగించాం. పాస్టర్‌గారు వాక్యం చదువుతుండగా, షిఫ్టు దిగిన కార్మికులు కొందరు యూనిఫాంలోనే వచ్చారు. మా సమాధుల దొడ్డి పద్ధతి వాళ్లకు తెలియదు. గేటు దగ్గర ఆగి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, వంగి బూట్ల లేసులు విప్పారు. అక్కర్లేదని చెప్పాను. తలూపారు కానీ, ఎండకు కాలుతున్న కంకర మీద ఒట్టి కాళ్లతోనే లోపలికి నడిచారు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి గేటు బయట గోడ పొడవునా ఇనుప ముక్కుల సేఫ్టీ బూట్లు వరసగా ఉన్నాయి, మేజోళ్లు లోపలికి మడిచి, ముక్కులన్నీ రోడ్డువైపుకు.