పడుగు రోజు హాజరు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. మా నాయన పాకాల స్టేషన్‌లో పనిచేసేవాడు. ఫలానా చింతచెట్టు మీద ఏదో తిరుగుతోందని ఎవరైనా చెబితే, "దానికి టిక్కెట్టు ఉండాదా?" అని అడిగే మనిషి. నాకూ ఆ నోరే వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో అడ్డంపడి నాలుగు ప్రశ్నలు వేస్తాను. అలాంటిదాన్ని, నా సొంత సంగతి దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్నకూ జవాబు లేక కూర్చున్నాను.

ఎనభైల మొదట్లో నగరి పక్కన ఒక నేతవీధిలో బాల్వాడీ టీచరుగా పనిచేశాను. మూడు నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు పద్దెనిమిది మంది. అంతకుముందు నూలు నిలవ చేసుకునే గది మాకు ఇచ్చారు. ఒకటే తలుపు, ఇనుప చువ్వల కిటికీ ఒకటి. వెనక దారి లేదు.

ఒకనాడు ఆఫీసు నుంచి టేపురికార్డరు వచ్చింది. పాటల క్యాసెట్టు ఒకటి, ఖాళీది ఒకటి. పిల్లలకు పాటలు వినిపించమనీ, వాళ్ళ చేత కూడా మాట్లాడించమనీ చెప్పారు. అప్పటికి ఆ వీధిలో ఏ ఇంట్లోనూ అలాంటిది లేదు. పిల్లలకంటే ముందు తల్లులే వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. సెల్సు నీరసపడితే తీసి ఎండలో పెట్టి మళ్ళీ వేసేదాన్ని.

ఖాళీ క్యాసెట్టులో పిల్లల హాజరు పట్టాను. నేను పేరు పిలుస్తాను, ఆ పిల్ల "వచ్చినా టీచరమ్మా" అంటుంది. తమ గొంతు తమకే వినపడుతుంటే పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. వరుసలో పదకొండో పేరు గౌరి. మునెమ్మ కూతురు, నాలుగేళ్ళది. చేరి రెండు నెలలైనా ఒక్కసారి కూడా నోరు తెరిచి మాట్లాడలేదు. మైకు ముందు పెట్టగానే గది అదిరేటట్టు "వచ్చినా టీచరమ్మా" అంది. పిట్ట కొంచెం కూత ఘనం అని నవ్వుకున్నాను. నిజం చెప్పాలంటే కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

అప్పటినుంచి ఆ పిల్ల టేపురికార్డరును వదల్లేదు. దాని వెనకకు వంగి చూసేది, సందుల్లో వేలు పెట్టేది. ఒకరోజు నా కొంగు పట్టుకుని అడిగింది. "నేను దాన్లోకి ఎట్ల పోయినాను టీచరమ్మా?"

నాకు వేళాకోళం ఎక్కువ. "మూత తెరిచి లోపల కూర్చుంటే గొంతు అదే వస్తాది" అన్నాను. గౌరి నవ్వలేదు. బుద్ధిగా తల ఊపి వెళ్ళి తన చోట కూర్చుంది.

ఇక పడుగు సంగతి చెప్పాలి. చీరకు నిలువుగా వచ్చే దారాలను పడుగు అంటారు. వాటిని మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడవునా చాచి, కర్రల మీద నిలిపి, గంజి పట్టించి, ఇటొకరు అటొకరు కుంచెలతో దువ్వుకుంటూ పోతారు. మొదలుపెట్టాక మధ్యలో ఆపడానికి లేదు. గంజి ఆరిందంటే దారాలు అంటుకుపోతాయి. పడుగును తొక్కకూడదు, దాటకూడదు. పెద్దవాళ్ళకు సరే, మూడేళ్ళ పిల్లకు ఈ మాట ఎవరు నేర్పగలరు? అందుకని మా వాకిలి ముందు పడుగు చాచిన రోజున నేతపని చూసే మేస్త్రి దొరస్వామి మా తలుపుకు బయటనుంచి గొళ్ళెం పెట్టేవాడు. పిల్లలూ నేనూ రెండు గంటలు లోపలే. నేను ఒప్పుకున్న ఏర్పాటే అది. టేపురికార్డరు ఉంది కదా, రెండు గంటలు ఎంతసేపు అనుకున్నాను.

ఆ రోజు ఎండ ముదరకముందే పని మొదలైంది. తల్లులు పిల్లల్ని వాకిట్లో దించి, కుంచెలు పట్టుకోవడానికి పరుగెత్తారు. గొళ్ళెం పడింది. లోపల ఒకటే గోల. అప్పటికి నాకొక దొంగ అలవాటు అయివుంది. హాజరు టేపు పెట్టి, అది ఒక్కొక్క పేరు చెబుతుంటే రిజిస్టరులో టిక్కు పెట్టుకుంటూ పోవడం. ఎలాగూ రోజూ అందరూ వస్తారు. ఆ రోజూ ముక్కులు తుడుస్తూ, ఒకరి జుట్టు ఇంకొకరి చేతిలోంచి విడిపిస్తూ పద్దెనిమిది టిక్కులూ పెట్టేశాను. తలెత్తి ముఖాలు చూడలేదు.

పాటలు రెండువైపులా అయిపోయాయి. పేర్ల టేపు మళ్ళీ పెట్టమని పిల్లలు గొడవ చేశారు. పెట్టాను. ఈసారి అందరూ చుట్టూ చేరి నిశ్శబ్దంగా విన్నారు. పది పేర్లు అయ్యాయి. "గౌరీ" అని టేపులో నా గొంతు పిలిచింది. కొంచెం ఆలస్యమైంది. తర్వాత గౌరి గొంతు వచ్చింది.

"రాలేదు టీచరమ్మా. ఈడ చీకటిగా ఉండాది. మూత రావడంలేదు. నూలు నోట్లోకి వస్తా ఉండాది."

ఆ వెంటనే పన్నెండో పేరు, పదమూడో పేరు, ఎప్పటిలాగే సాగిపోయాయి.

"గౌరి ఏడస్తా ఉండాది టీచరమ్మా" అని జరీనా అనే పిల్ల అంది. అంటే విన్నది నేనొక్కదాన్నే కాదు. పిల్లలందరూ గౌరి కూర్చునే మూలకు తిరిగి చూశారు. ఆ మూల ఖాళీగా ఉంది. లెక్కపెట్టాను, పదిహేడు. తలల మీద చెయ్యి పెట్టి మళ్ళీ లెక్కపెట్టాను, పదిహేడే. టేపు వెనక్కి తిప్పి వేశాను. "వచ్చినా టీచరమ్మా" అంది గౌరి, గది అదిరేటట్టు. ఇంకోసారి తిప్పాను. అదే మాట.

కిటికీ చువ్వలు పట్టుకుని అరిచాను. దొరస్వామి కుంచె ఆపకుండానే జవాబిచ్చాడు. "పడుగు గంజి మీద ఉండాదమ్మా. పాప యాడికి పోతాది? ఇంటికాడ ఆడుకుంటా ఉంటాదిలే. ఒక గంట ఓపిక పట్టు."

ఒక గంట. తలుపు లాగాను, తన్నాను. చేతి గోరు ఒకటి విరిగింది. నన్ను చూసి పిల్లలు ఏడుపు అందుకున్నారు. బయట ముప్పై మంది మనుషులు కనిపిస్తున్నారు, నేను అరవడం వాళ్ళకు వినపడుతోంది, ఒక్కరూ రారు. ఇలా లోపల ఉండడానికి నోరారా ఒప్పుకున్నది నేనే. ఆ గదిలో నాకే ఊపిరి ఆడకపోతే, మూత పడిన చోట నాలుగేళ్ళ పిల్లకు ఎలా ఆడుతుంది?

మునెమ్మ పడుగుకు అవతలి పక్క ఉంది. పిలిస్తే నవ్వింది. "లోపలే ఉండాది గదా టీచరమ్మా. నేనే గదా మీ వాకిట్లో ఇడిచిపెట్టి వచ్చినాను."

టేపు చెప్పిందని ఎలా చెప్పను? చెబితే నాకు పిచ్చి పట్టిందంటారు. నూలూ మూతా రెండూ ఉండేది ఆ వీధిలో ఇంటింటా ఉండే నూలు పెట్టెకే. ఉన్న గొంతంతా పెట్టి ఒకటే మాట అరిచాను. "లోపల లేదు మునెమ్మా! మీ ఇంట్లో నూలు పెట్టె సూడు! పెట్టె సూడు తల్లీ!"

మునెమ్మ చేతిలో కుంచె కింద పడింది. ఆమెకూ ఆమె ఇంటికీ మధ్య పడుగు అడ్డంగా ఉంది. చివరిదాకా వెళ్ళి చుట్టి రావాలంటే చాలా దూరం. ఒక్క క్షణం దొరస్వామి ముఖం చూసింది. తర్వాత చీర ఎత్తిపట్టి పడుగు మీదుగా దూకింది. కాలికి తగిలి కర్ర ఒరిగింది, దారాలు పుటుక్కుమని తెగాయి. వీధి అంతా "అయ్యో" అంది. ఆమె వెనకే అందరూ పరుగెత్తారు.

నాకు గొళ్ళెం తియ్యాలని ఎవరికీ తోచలేదు. వాళ్ళ ఇల్లు వీధి ఆ చివర. కిటికీలోంచి కనపడదు. కాసేపటికి మునెమ్మ ఏడుపు వినపడింది. ఆ ఏడుపు బిడ్డ దొరికినందుకో, పోయినందుకో నాకు తెలియలేదు. పదిహేడు మంది పిల్లల్ని దగ్గరికి లాక్కుని, తెలియని దేవుళ్ళకు కూడా మొక్కాను.

చివరికి దొరస్వామి వచ్చి గంజి చేతులతో గొళ్ళెం తీశాడు. "ఉండాదమ్మా, ఊపిరి ఉండాది" అని గడప మీద కూలబడ్డాడు.

తల్లి వెనక్కి తిరగగానే గౌరి ఇంటికి పోయి నూలు పెట్టెలోకి దిగిందట. మూత పడి బయట కొక్కెం పట్టుకుంది. చెమటతో తడిసి, నోటినిండా నూలు పోగులతో దొరికింది. పెట్టె ఎందుకు చూడమన్నావని అందరూ అడిగారు. పిల్లలు పెట్టెల్లో దాక్కుంటారు కదా, ఊహించానని అబద్ధం చెప్పాను. పాడైన పడుగు గురించి మునెమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు.

తర్వాత నా ప్రశ్నలు నేనే వేసుకున్నాను. రికార్డు కావాలంటే రెండు బటన్లు కలిపి నొక్కాలి, నేను నొక్కింది ఒకటే. మైకు గుడ్డలో చుట్టి టేపురికార్డరు అట్టపెట్టెలో ఉంది. తిరుపతిలో రేడియోలు బాగుచేసే ఆయనకు క్యాసెట్టు ఇస్తే మూడుసార్లు విని, ఇందులో తేడా ఏమీ లేదన్నాడు. ఆ రోజు నుంచి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఒక్కొక్క తల మీద చెయ్యి వేసి హాజరు తీసుకోవడం మొదలుపెట్టాను.

గౌరి వారం తర్వాత బడికి వచ్చింది. నేను తల మీద చెయ్యి వేసి పేరు పిలిస్తే పలకలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా మీద కోపమా అని అడిగాను. టేపు సంగతి అప్పటికి నేను ఎవ్వరికీ చెప్పలేదు. రెండుసార్లు పెట్టానని పెద్దవాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

"మీరు పిలిచినారు, నేను పలికినాను గదా" అంది. "రెండోసారి పిలిచినప్పుడే మా యమ్మ వచ్చింది. మొదటిసారి కూడా అంతే చెప్పినాను టీచరమ్మా. మీరు ఇనలేదు."

టేపు ఎలా పలికిందో నాకు ఈనాటికీ తెలియదు. అది తెలియకపోయినా బతకగలను. మొదటిసారి ఆ పేరు దగ్గర అది ఏమందో మాత్రం ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాదు. రిజిస్టరులో పదకొండో పేరు పక్కన నా టిక్కు ఒక్కటే ఉంది.