కూర్చొని ఉరికిన పది కిలోమీటర్లు

నారాయణపేటలో మా ఎదురింట మగ్గం నేసే కాక ఏ పనిముట్టునైనా కళ్లకద్దుకున్నాకే వాడేవాడు. మగ్గంలో అటూ ఇటూ నూలును ఉరికించే నాడెను అద్దుకున్నట్టే మా వీడియో గేము రిమోటునూ అద్దుకున్నాడు. దాన్ని పట్టుకొని నిలుచున్నచోటే పరుగెత్తితే టీవీలో బొమ్మ పరుగెత్తుతుంది. నాకంటే గంట ముందే ఆఫీసు చేరుకునే నా పొట్టను తగ్గించడానికి కొన్నాను. షుగరుంది, ఒళ్లు వంచమని డాక్టరు చెప్పడంతో కాక కూడా రోజూ సాయంత్రం వచ్చి ఆడేవాడు.

నేను మాత్రం ఆయన రాకముందే సోఫాలో కూలబడి, మిరపకాయ బజ్జీలు నములుతూ రిమోటు పట్టిన మణికట్టు మాత్రం ఊపేవాణ్ని. బొమ్మ నిజాం గుర్రంలా దౌడు తీసేది. టీవీలో నా లెక్క చూసి కాక బుగ్గలు నొక్కుకునేవాడు.

"పది కిలోమీటర్లా సారూ! నేను మూడుకే ఆగమైతున్న."

"అంతా సాధన కాకా," అన్నాను, హిమాలయాల నుంచి అప్పుడే దిగొచ్చినట్టు.

నన్ను అందుకోవాలని ఆయన పంతం పట్టి ఉరికాడు. వారం తిరగకుండానే మోకాలు గుమ్మడికాయంత ఉబ్బింది. కొన్నాళ్లకు కుంటుతూ మా గడపెక్కాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపే చేతిలో కొత్త తువ్వాల పెట్టాడు.

"నా తోని గాదు సారూ. మీరు ఆపకుండ్రి. గంత ఉరుకుతరు, చెమట తుడ్సుకుంటరని ఒక్క కాలుతోనే మగ్గం తొక్కి నేసిన."

తెరిచిన నోరు మూసుకున్నాను. అప్పుడు పట్టింది నాకు చెమట. ఆ తువ్వాలను మాత్రం ముఖం దాకా తీసుకుపోలేకపోయాను.